మెయిల్స్ వస్తున్నాయి కానీ పోవడం లేదా? అవుట్‌గోయింగ్ సర్వర్‌కు అథెంటికేషన్ పెట్టే పద్ధతి

ఇన్‌బాక్సులో కొత్త మెయిల్స్ ఎప్పటిలాగే వచ్చి పడుతుంటాయి. జవాబు రాసి పంపితే మాత్రం అది అవుట్‌బాక్సు దాటదు. లేదంటే ఆఫీసు ప్రింటర్‌లో ‘స్కాన్ టు ఈమెయిల్’ నొక్కితే కాసేపు తంటాలు పడి, ‘అథెంటికేషన్ ఎర్రర్’ అని ఒక కాగితం అచ్చేసి చేతిలో పెడుతుంది. (పంపేది మీరేనని పేరు, పాస్‌వర్డ్‌తో సర్వర్‌కు రుజువు చూపించడమే అథెంటికేషన్.) ఈ సమస్య గురించి అడిగేవారిలో ఎక్కువమంది అప్పటికే పాస్‌వర్డ్ మార్చి ఉంటారు, అకౌంటు తీసేసి మళ్లీ పెట్టి ఉంటారు, చివరికి ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవకుండా దాచే ఏర్పాటు) కూడా ఆపేసి చూసి ఉంటారు. మొదటి రెండూ చాలాసార్లు అనవసరం. మూడోది ప్రమాదం.

కంప్యూటర్‌లో అవుట్‌లుక్, థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రాములు వాడేవారికీ, ఆఫీసు ప్రింటర్, బిల్లులు మెయిల్ చేసే లెక్కల సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్‌లోని సంప్రదింపు ఫారం నుంచి మెయిల్ పంపాలనుకునేవారికీ ఈ వివరాలు పనికొస్తాయి. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి పంపేవారికి ఈ గొడవే లేదు.

1. సర్వర్ ఎవరిని అడుగుతుంది, ఎవరిని అడగదు

మెయిల్ తెచ్చుకునే సర్వర్ వేరు, పంపే సర్వర్ వేరు. తెచ్చుకోవడానికి ఐమ్యాప్ అనే పద్ధతి అయితే పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు) 993, పాప్ అయితే 995. పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ, దాని పోర్టులు వేరు. మెయిల్స్ వస్తున్నాయంటే తెచ్చుకునే వైపు పాస్‌వర్డ్ సరిగ్గా ఉందని మాత్రమే అర్థం. పంపే సర్వర్‌కు పాస్‌వర్డ్ అసలు అందుతోందో లేదో దాన్నిబట్టి చెప్పలేం.

ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్ దగ్గరికి రెండు రకాల మెయిల్స్ చేరతాయి. ఒకటి, ఆ సర్వర్‌లోనే ఉన్న అకౌంటుకు బయటి నుంచి వచ్చేది. దీనికి పాస్‌వర్డ్ అడగదు. అడిగితే మీకు ఎవరూ మెయిల్ పంపలేరు. సర్వర్లు తమలో తాము పోర్ట్ 25 మీద నడుపుకొనే వ్యవహారం ఇది. రెండోది, ‘దీన్ని ఫలానా వేరే సర్వర్‌లోని మనిషికి చేర్చు’ అని మీరు అప్పగించేది. దీన్ని రిలే అంటారు. ఇక్కడ మీరెవరో తేలకుండా సర్వర్ ఆ మెయిల్‌ను ముట్టుకోదు. ఎవరినీ ఏమీ అడగకుండా అందరి మెయిల్‌నూ మోసే సర్వర్ తలుపుల్లేని ధర్మసత్రం లాంటిది. స్పామ్ పంపేవాళ్లు ముందుగా దిగేది అక్కడే. ఆ తర్వాత దాని ఐపీ అడ్రసు బ్లాక్‌లిస్టులకు ఎక్కి, అందులో ఉన్న మంచివాళ్ల మెయిల్ కూడా ఆగిపోతుంది.

ఈ తేడా తెలిస్తే సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోతుంది. ఉదాహరణకు, సొంత డొమైన్ ఉన్న ఒక ఆఫీసులో స్కాన్ చేసిన కాగితాలు లోపలి ఉద్యోగుల అడ్రసులకు వెళ్తున్నాయి, బయటి క్లయింటు జీమెయిల్‌కు మాత్రం వెళ్లడం లేదు. ప్రింటర్‌లో అథెంటికేషన్ అసలు పెట్టనే లేదని దీనికి అర్థం. లోపలి అడ్రసులకు సర్వర్ పాస్‌వర్డ్ అడగలేదు కాబట్టి ఆ లోపం ఇన్నాళ్లూ బయటపడలేదు. ఇలాంటి చోట పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

2. సెట్టింగ్స్ తెరిచే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

కింది వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి. గుర్తున్నంత మేరకు నింపుకుంటూ పోతే ఒక చోట తప్పు దొర్లుతుంది, అది ఎక్కడో వెతకడానికి గంట పడుతుంది.

☐ పంపే సర్వర్ పేరు. జీమెయిల్‌కు ఎస్‌ఎమ్‌టీపీ.జీమెయిల్.కామ్, మైక్రోసాఫ్ట్ 365కు ఎస్‌ఎమ్‌టీపీ.ఆఫీస్365.కామ్, యాహూకు ఎస్‌ఎమ్‌టీపీ.మెయిల్.యాహూ.కామ్. జోహోలో భారత డేటా సెంటర్‌లో ఉన్న అకౌంట్లకు ఎస్‌ఎమ్‌టీపీ.జోహో.ఇన్. చివర ‘కామ్’ అని కొడితే ఆ అకౌంటు అక్కడ దొరకదు. సొంత డొమైన్‌తో జోహో వాడే సంస్థలకు ఎస్‌ఎమ్‌టీపీ బదులు ఎస్‌ఎమ్‌టీపీప్రో అని మొదలయ్యే పేరు ఉంటుంది. మీ అకౌంటు సెట్టింగ్స్‌లో ఏది చూపిస్తే అదే తీసుకోండి.

☐ యూజర్‌నేమ్. దాదాపు అన్నిచోట్లా ఇది పూర్తి ఈమెయిల్ అడ్రసు. ‘యట్’ గుర్తు ముందున్న భాగం మాత్రమే ఇవ్వడం చాలా మామూలుగా జరిగే పొరపాటు, ముఖ్యంగా సీప్యానెల్ హోస్టింగ్ వాడేవారి దగ్గర.

☐ సరైన పాస్‌వర్డ్. ఇది మీరు రోజూ లాగిన్ అయ్యే పాస్‌వర్డ్ కాకపోవచ్చు. మూడో భాగం చూడండి.

☐ పోర్ట్, ఎన్‌క్రిప్షన్ జత. నాలుగో భాగం చూడండి.

☐ ఇప్పుడున్న సెట్టింగ్స్ ఫోటో. మార్చే ముందు ఫోనుతో తీసి ఉంచుకోండి.

☐ వచ్చిన ఎర్రర్ మాటలు పూర్తిగా, నంబరుతో సహా. ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘535’ అంటే ఒక దారి, ‘530’ అంటే మరో దారి.

చివరిదే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం. సర్వర్ తనకేం కావాలో నంబరు వేసి మరీ చెబుతుంది. దాన్ని చదవకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తే ఉన్న ఒక తప్పుకు ఇంకో రెండు తోడవుతాయి.

3. ఏ పాస్‌వర్డ్ ఇవ్వాలి

నిన్నటి దాకా పనిచేసినవి ఉన్నట్టుండి ఆగిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇక్కడే ఉంటుంది.

జీమెయిల్ వ్యక్తిగత అకౌంట్లకు బయటి ప్రోగ్రాముల నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే వెసులుబాటును గూగుల్ 2022 మే 30తో తీసేసింది. ఇప్పుడు రెండే దారులు. ప్రోగ్రామ్‌కు ఓఆథ్ తెలిస్తే, అది బ్రౌజర్ కిటికీ తెరిచి గూగుల్ లాగిన్ పేజీ చూపిస్తుంది. అక్కడ లాగిన్ అయితే చాలు, ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ చెప్పే పనే లేదు. ఓఆథ్ తెలియని పాత ప్రోగ్రామ్, ప్రింటర్ వంటి వాటికి యాప్ పాస్‌వర్డ్, అంటే ఆ ఒక్కదాని కోసమే గూగుల్ ఇచ్చే విడి పాస్‌వర్డ్ తీసుకోవాలి.

యాప్ పాస్‌వర్డ్ తీసుకునే క్రమం:

(అ) గూగుల్ అకౌంటు తెరిచి, సెక్యూరిటీ విభాగంలో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఇది ఆన్‌లో లేకపోతే యాప్ పాస్‌వర్డ్ ఇవ్వరు.

(ఆ) అకౌంటు పేజీ పైనున్న వెతికే పెట్టెలో ‘యాప్ పాస్‌వర్డ్స్’ అని ఇంగ్లీషులో కొట్టండి. మెనూల్లో వెతుక్కోవడం కన్నా ఇది సులువు.

(ఇ) ఒక పేరు పెట్టండి. ‘టెస్ట్’ అనో ‘మెయిల్’ అనో కాకుండా ‘రెండో అంతస్తు ప్రింటర్’ లాంటి పేరు పెడితే, రెండేళ్ల తర్వాత తీసేయాలన్నప్పుడు ఏది ఏమిటో తెలుస్తుంది.

(ఈ) 16 అక్షరాల పాస్‌వర్డ్ నాలుగేసి అక్షరాల చొప్పున విడివిడిగా కనిపిస్తుంది. ఆ ఖాళీలు చదువుకోవడానికే. ప్రింటర్‌లో కొట్టేటప్పుడు ఖాళీలు లేకుండా కొట్టండి. కిటికీ మూస్తే అది మళ్లీ కనిపించదు.

యాప్ పాస్‌వర్డ్స్ పేజీయే రాకపోతే కారణాలు మూడు: సంస్థ అకౌంటు అయి అడ్మిన్ ఆపి ఉంచడం, అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్‌లో చేరి ఉండడం, టూ-స్టెప్‌లో సెక్యూరిటీ కీ మాత్రమే పెట్టుకోవడం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గూగుల్ అకౌంటు అసలు పాస్‌వర్డ్ మారిస్తే, అప్పటివరకు ఇచ్చిన యాప్ పాస్‌వర్డ్స్ రద్దయిపోతాయి. యజమాని ఇంట్లో కూర్చుని పాస్‌వర్డ్ మారుస్తారు, మర్నాడు ఆఫీసులో ప్రింటర్ మొరాయిస్తుంది. రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

యాహూలో కూడా ఓఆథ్ తెలియని ప్రోగ్రామ్‌కు యాప్ పాస్‌వర్డే కావాలి. అవుట్‌లుక్.కామ్, హాట్‌మెయిల్ వ్యక్తిగత అకౌంట్లలో 2024 సెప్టెంబరు 16 నుంచి పాస్‌వర్డ్‌తో నేరుగా లాగిన్ అయ్యే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఆపేసింది. వాటికి ఓఆథ్ తెలిసిన ప్రోగ్రామ్ ఉండాల్సిందే. పాత ప్రింటర్‌లో హాట్‌మెయిల్ అకౌంటు పెట్టుకున్నవారు దాంతో కుస్తీ పట్టడం మానేసి వేరే అకౌంటు చూసుకోవడం మేలు.

సంస్థలు వాడే మైక్రోసాఫ్ట్ 365లో ఇంకో మెలిక ఉంది. ఎస్‌ఎమ్‌టీపీ అథెంటికేషన్ మొత్తాన్నే సంస్థ స్థాయిలో ఆపి ఉంచుతారు. కొత్త సంస్థలకు మొదటి నుంచే అది ఆఫ్. అవసరమైన ఒక్క మెయిల్‌బాక్స్‌కు ఆన్ చేయాలంటే అడ్మిన్ సెంటర్‌లో యాక్టివ్ యూజర్స్, ఆ వ్యక్తి పేరు, మెయిల్ ట్యాబ్, మేనేజ్ ఈమెయిల్ యాప్స్ దాకా వెళ్లి ‘అథెంటికేటెడ్ ఎస్‌ఎమ్‌టీపీ’ టిక్ చేయాలి. అయితే ఇక్కడ కూడా ఉత్త పాస్‌వర్డ్ పద్ధతిని మైక్రోసాఫ్ట్ క్రమంగా తొలగిస్తోంది. కొత్తగా పెట్టుకునేవారు దాన్ని నమ్ముకోకపోవడం మంచిది.

4. పోర్ట్ ఒక్కటే చాలదు, జత కలవాలి

పంపడానికి గుర్తుంచుకోవలసిన జతలు రెండే:

☐ పోర్ట్ 587 అయితే ఎన్‌క్రిప్షన్ దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్. కొన్ని ప్రోగ్రాముల్లో ఇది ‘టీఎల్‌ఎస్’ అని మాత్రమే కనిపిస్తుంది.

☐ పోర్ట్ 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్, లేదా ‘ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్’.

587లో సంభాషణ మామూలుగా మొదలై, మధ్యలో ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది. 465లో మొదటి అక్షరం నుంచే ఎన్‌క్రిప్షన్. జత తారుమారైతే పాస్‌వర్డ్ దాకా విషయం రాదు. 465కు స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెడితే ఇటు ప్రోగ్రామ్ సర్వర్ పలకరింపు కోసం, అటు సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టడం కోసం చూస్తూ కూర్చుంటాయి. నిమిషం గడిచాక ‘టైమ్‌డ్ అవుట్’ అని వస్తుంది. 587కు ఎస్‌ఎస్‌ఎల్ పెడితే వెంటనే ‘రాంగ్ వెర్షన్ నంబర్’ వంటి అర్థంకాని మాట వస్తుంది.

పోర్ట్ 25 జోలికి వెళ్లకండి. ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చాలా కంపెనీలు దాన్ని మూసేసి ఉంచుతాయి, క్లౌడ్ సర్వర్లు అద్దెకిచ్చే పెద్ద సంస్థలూ అంతే. 25 మీద పాత సెట్టింగ్స్‌తో నడుస్తున్న ప్రింటర్, ఇంటర్నెట్ కంపెనీ మారిన రోజున ఆగిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దారి తెరిచి ఉందో లేదో విండోస్‌లో చూసుకోవచ్చు. పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే ఆదేశానికి సర్వర్ పేరు, ఆ తర్వాత పోర్ట్ నంబరు ఇవ్వండి. చివరి వరుసలో ‘ట్రూ’ అని వస్తే దారి ఉన్నట్టే. ‘ఫాల్స్’ వస్తే ఫైర్‌వాల్, యాంటీవైరస్, ఇంటర్నెట్ కంపెనీ, ఈ వరుసలో చూడండి. పాస్‌వర్డ్ ముట్టుకోకండి.

5. ఎక్కడ ఏ టిక్ పెట్టాలి

*అవుట్‌లుక్ పాత రూపం.* కంట్రోల్ ప్యానెల్‌లో మెయిల్, ఈమెయిల్ అకౌంట్స్, మీ అకౌంటు ఎంచుకుని చేంజ్, మోర్ సెట్టింగ్స్. అందులో ‘అవుట్‌గోయింగ్ సర్వర్’ ట్యాబ్‌లో మొదటి వాక్యమే మనకు కావలసింది: మై అవుట్‌గోయింగ్ సర్వర్ రిక్వయర్స్ అథెంటికేషన్. దానికి టిక్ పెట్టండి. దాని కింద మూడు ఎంపికలు ఉంటాయి. ఒకే కంపెనీ నుంచి మెయిల్ తెచ్చుకుని, అక్కడి నుంచే పంపుతుంటే మొదటిది, అంటే తెచ్చుకునే సర్వర్ వివరాలే వాడమనేది. రెండు వేర్వేరు కంపెనీలైతే రెండోది, అందులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ విడిగా ఇవ్వాలి. పంపే ముందు ఇన్‌కమింగ్ సర్వర్‌లోకి లాగిన్ కమ్మనే మూడోది పాత పద్ధతి, దాన్ని వదిలేయండి.

అక్కడే ‘సెక్యూర్ పాస్‌వర్డ్ అథెంటికేషన్’ అని ఇంకో టిక్ కనిపిస్తుంది. పేరులో ‘సెక్యూర్’ ఉంది కదా అని పెట్టేస్తారు. అది వేరే రకం వ్యవస్థలకు. జీమెయిల్, యాహూ, మామూలు హోస్టింగ్ సర్వర్లకు అది పెడితే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రానివ్వదు. తీసేయండి. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పోర్ట్, ఎన్‌క్రిప్షన్ జత సరిచూసి, ‘టెస్ట్ అకౌంట్ సెట్టింగ్స్’ నొక్కండి.

*థండర్‌బర్డ్.* అకౌంట్ సెట్టింగ్స్ ఎడమ పట్టీలో అట్టడుగున ‘అవుట్‌గోయింగ్ సర్వర్’ ఉంటుంది. జీమెయిల్, యాహూలకు అథెంటికేషన్ మెథడ్ దగ్గర ఓఆథ్2 పెట్టండి. మామూలు హోస్టింగ్‌కు ‘నార్మల్ పాస్‌వర్డ్’. ఎన్‌క్రిప్షన్ జత సరిగ్గా ఉంటే ‘నార్మల్’ అన్న మాటకు భయపడనక్కర్లేదు, పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లోపలే ప్రయాణిస్తుంది. ‘ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్’ అనేది వేరే పద్ధతి, చాలా సర్వర్లు దాన్ని ఒప్పుకోవు.

థండర్‌బర్డ్‌లో రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, రెండో అకౌంటు చేర్చినప్పుడు అది మొదటి అకౌంటు పంపే సర్వర్‌నే పట్టుకుని ఉండవచ్చు. ప్రతి అకౌంటు పేజీలో అట్టడుగున ఏ సర్వర్ ఎంచుకుని ఉందో చూడండి. రెండోది, తెచ్చుకునే పాస్‌వర్డ్, పంపే పాస్‌వర్డ్ విడివిడిగా దాచి ఉంటాయి. పాస్‌వర్డ్ మారాక మొదటిది అడిగి మార్చుకుంటుంది, రెండోది పాతదే ఉండిపోతుంది. సేవ్‌డ్ పాస్‌వర్డ్స్ జాబితాలో ఎస్‌ఎమ్‌టీపీతో మొదలయ్యే వరుసను తీసేసి మళ్లీ పంపండి. కొత్తది అడుగుతుంది.

*ప్రింటర్.* దాని తెర మీద అక్షరాలు కొట్టడం నరకం. ప్రింటర్ ఐపీ అడ్రసును కంప్యూటర్ బ్రౌజర్‌లో కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది, అక్కడ నింపండి. క్రమం ఇలా:

☐ ప్రింటర్ తేదీ, సమయం సరిచేయండి. గడియారం ఏళ్ల వెనక ఉంటే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని అనుకుంటుంది.

☐ డీఎన్‌ఎస్ అడ్రసు నిండి ఉందో చూడండి. ఖాళీగా ఉంటే ప్రింటర్ సర్వర్ పేరును వెతకలేకపోతుంది.

☐ సర్వర్, పోర్ట్, ఎన్‌క్రిప్షన్ నింపి, అథెంటికేషన్ ఆన్ చేసి, పూర్తి ఈమెయిల్, యాప్ పాస్‌వర్డ్ ఇవ్వండి.

☐ పంపేవారి అడ్రసు దగ్గర కూడా అదే ఈమెయిల్ పెట్టండి. ‘స్కానర్’ అని ఏదో ఒక పేరుతో ఊహా అడ్రసు పెడితే సర్వర్ తిరస్కరించవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా కనెక్షన్ కుదరకపోతే ప్రింటర్ వయసు చూడండి. పాత మోడళ్లకు ఎన్‌క్రిప్షన్‌లో పాత వెర్షన్ అయిన టీఎల్‌ఎస్ 1.0 మాత్రమే తెలుసు. మైక్రోసాఫ్ట్ 365 వంటి సర్వర్లు 1.2కు తగ్గితే మాట్లాడవు. తయారీదారు సైటులో కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూసి ఎక్కించండి. అదీ లేకపోతే గూగుల్ వర్క్‌స్పేస్‌లో రిలే సర్వీసు, మైక్రోసాఫ్ట్ 365లో కనెక్టర్ అనే ఏర్పాట్లున్నాయి. వాటిలో పాస్‌వర్డ్ బదులు ఆఫీసు స్థిర ఐపీ అడ్రసును బట్టి గుర్తిస్తారు. రూటర్‌కు స్థిర ఐపీ ఉంటేనే ఇది కుదురుతుంది.

*వెబ్‌సైట్ ఫారం.* వర్డ్‌ప్రెస్ తనంతట తాను పంపే మెయిల్‌కు అథెంటికేషన్ ఉండదు, అందుకే అవి స్పామ్‌లో పడతాయి లేదా మాయమవుతాయి. ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ ఒకటి పెట్టి పై వివరాలే నింపండి. ఫారం నింపిన సందర్శకుడి అడ్రసును ‘ఫ్రమ్’ దగ్గర పెట్టకండి. అక్కడ మీ అడ్రసే ఉండాలి, సందర్శకుడిది ‘రిప్లై-టు’ దగ్గర ఉండాలి.

6. సంభాషణను ఒకసారి దగ్గరగా చూడండి

తెర వెనక ఏం జరుగుతుందో ఒక్కసారి చూస్తే ఎర్రర్లు వాటంతట అవే అర్థమవుతాయి. పోర్ట్ 587 మీద సజావుగా సాగిన సంభాషణ ఇది:

సర్వర్: 220, సిద్ధం.
ప్రోగ్రామ్: ఈహెచ్‌ఎల్‌ఓ, నేను ఫలానా కంప్యూటర్‌ను.
సర్వర్: 250, నాకు వచ్చిన విద్యలు ఇవీ. (జాబితాలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఉంటుంది.)
ప్రోగ్రామ్: స్టార్ట్‌టీఎల్‌ఎస్.
సర్వర్: 220, మొదలుపెట్టు.
(ఇక్కడి నుంచి అంతా ఎన్‌క్రిప్షన్‌లో.)
ప్రోగ్రామ్: మళ్లీ ఈహెచ్‌ఎల్‌ఓ.
సర్వర్: 250. (ఈసారి జాబితాలో ఆథ్, అంటే అథెంటికేషన్ కూడా కనిపిస్తుంది.)
ప్రోగ్రామ్: ఆథ్ లాగిన్.
సర్వర్: 334, పేరు?
ప్రోగ్రామ్: పేరు.
సర్వర్: 334, పాస్‌వర్డ్?
ప్రోగ్రామ్: పాస్‌వర్డ్.
సర్వర్: 235, సరే.

ఆ తర్వాతే ఎవరి నుంచి, ఎవరికి అన్న మాటలు వస్తాయి. మెయిల్ మొత్తం అందాక సర్వర్ 250 అంటుంది.

రెండు జాబితాల తేడా గమనించండి. జీమెయిల్ వంటి సర్వర్లు ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేదాకా ఆథ్ అన్న విద్యే చూపించవు. ఎన్‌క్రిప్షన్ ఆపేసి పంపితే ‘ఈ సర్వర్‌కు అథెంటికేషన్ లేదు’ అని ప్రోగ్రామ్ ఫిర్యాదు చేసేది అందుకే. తప్పు ఎన్‌క్రిప్షన్‌లో ఉంటే నింద అథెంటికేషన్ మీద పడుతుందన్నమాట.

ఇంకో హెచ్చరిక. పేరు, పాస్‌వర్డ్ బేస్64 రూపంలో వెళ్తాయి కాబట్టి చూడటానికి పిచ్చి అక్షరాల్లా ఉంటాయి. అది రహస్యం కాదు, ఎవరైనా క్షణంలో తిప్పి చదవగలరు. సహాయం కోసం ఎవరికైనా లాగ్ పంపేటప్పుడు 334 తర్వాతి వరుసలు, ‘ఆథ్ ప్లెయిన్’ పక్కనున్న అక్షరాలు కొట్టేసి పంపండి.

7. నంబరు చూసి మందు

*530.* అథెంటికేషన్ కావాలి. మీ వైపు నుంచి పాస్‌వర్డ్ అసలు వెళ్లలేదు. ఐదో భాగంలోని టిక్ పెట్టండి. నంబరు పక్కన ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’ అన్న మాట ఉంటే ఎన్‌క్రిప్షన్ పెట్టలేదని అర్థం.

*534.* గూగుల్ నుంచి 5.7.9తో వస్తే యాప్ పాస్‌వర్డ్ కావాలంటోంది. మూడో భాగానికి వెళ్లండి.

*535.* పాస్‌వర్డ్ వెళ్లింది కానీ సర్వర్ ఒప్పుకోలేదు. యూజర్‌నేమ్ పూర్తి అడ్రసేనా, కాపీ చేసినప్పుడు చివర ఖాళీ వచ్చిందా, యాప్ పాస్‌వర్డ్ రద్దయిందా, ఈ వరుసలో చూడండి. అదే పేరు, పాస్‌వర్డ్‌తో వెబ్‌మెయిల్‌లోకి వెళ్లగలిగితే (యాప్ పాస్‌వర్డ్ కాని సందర్భంలో) తప్పు ప్రోగ్రామ్‌లో మీరు కొట్టిన అక్షరాల్లో ఉండే అవకాశం ఎక్కువ. 535 వెంట 5.7.139 ఉండి, ‘డిజేబుల్డ్ ఫర్ ద టెనెంట్’ అని కనిపిస్తే అది మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ పని. మీరు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు.

*503, ఆథ్ మాటతో.* సర్వర్ ఆ విద్య చూపించకముందే ప్రోగ్రామ్ తొందరపడింది. పోర్ట్, ఎన్‌క్రిప్షన్ జత చూడండి.

*550 లేదా 554, ‘రిలే’ అన్న మాటతో.* అథెంటికేషన్ లేకుండా బయటి అడ్రసుకు పంపమన్నారు. మొదటి భాగంలోని ప్రింటర్ కథ ఇదే.

*553, ‘నాట్ ఓన్డ్ బై యూజర్’.* ఒక అకౌంటుతో లాగిన్ అయ్యి, మరో అడ్రసు నుంచి పంపుతున్నారు. రెండూ ఒకటి చేయండి. జీమెయిల్ అయితే ఈ ఎర్రర్ ఇవ్వకుండా, ‘ఫ్రమ్’ అడ్రసును చెప్పకుండానే లాగిన్ అయిన అకౌంటుకు మార్చేస్తుంది. వేరే అడ్రసుతోనే పంపాలంటే ముందు దాన్ని జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘సెండ్ మెయిల్ యాజ్’ దగ్గర చేర్చి ధ్రువీకరించుకోవాలి.

*454.* సర్వర్ వైపు తాత్కాలిక ఇబ్బంది, లేదా పదేపదే ప్రయత్నించినందుకు ఆపి ఉంచారు. కాసేపు ఆగండి. నాలుగుతో మొదలయ్యేవన్నీ ‘తర్వాత రా’ అన్నట్టు, ఐదుతో మొదలయ్యేవి ‘ఇలా అయితే కుదరదు’ అన్నట్టు.

*550, 5.4.5తో.* రోజువారీ పరిమితి అయిపోయింది. వ్యక్తిగత జీమెయిల్‌కు రోజుకు 500, వర్క్‌స్పేస్‌కు 2000. 24 గంటల లోపు మళ్లీ తెరుచుకుంటుంది. పెళ్లి శుభలేఖలు జీమెయిల్ నుంచి వందలకొద్దీ పంపేవారికి ఎదురయ్యేది ఇదే.

*552.* సైజు ఎక్కువ. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ అయినా, మెయిల్‌లో పెట్టేటప్పుడు ఫైలు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. 18 ఎంబీ దాటిన స్కాన్ అనుమానమే. రంగులు మానేసి, 200 డీపీఐకి తగ్గించండి.

సర్టిఫికెట్ గురించి హెచ్చరిక వస్తే ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కే ముందు సర్వర్ పేరు చూడండి. సొంత డొమైన్ పేరుతో పెట్టిన సర్వర్‌కు హోస్టింగ్ కంపెనీ పేరుతో సర్టిఫికెట్ ఉండడం మామూలే. అలాంటప్పుడు సెట్టింగ్స్‌లో కంపెనీ ఇచ్చిన సర్వర్ పేరే వాడండి. మధ్యలో యాంటీవైరస్ తలదూర్చి తన సర్టిఫికెట్ చూపించడమూ ఉంది. దాని మెయిల్ తనిఖీని కాసేపు ఆపి చూస్తే తేలిపోతుంది.

8. వెళ్లింది కానీ చేరలేదు

235 వచ్చాక, చివరి 250 కూడా వచ్చాక మెయిల్ స్పామ్‌లో పడితే అది ఈ అథెంటికేషన్ సమస్య కాదు. మీరు మీ సర్వర్‌కు గుర్తింపు చూపించారు. మీ డొమైన్ తరఫున పంపే హక్కు ఆ సర్వర్‌కు ఉందో లేదో అవతలి సర్వర్ విడిగా చూసుకుంటుంది. దానికి డొమైన్ డీఎన్‌ఎస్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు కావాలి. జీమెయిల్ అడ్రసు నుంచి పంపేవారికి ఇవన్నీ గూగుల్ చూసుకుంటుంది. సొంత డొమైన్ ఉన్నవారు తమ మెయిల్ కంపెనీ ఇచ్చే రికార్డులు చేర్చుకోవాలి. ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక డొమైన్‌కు ఒకటే ఉండాలి. రెండు కంపెనీలు వాడుతుంటే రెండు రికార్డులు పెట్టకుండా ఒకే వరుసలో రెండూ కలపండి.

9. పని అయ్యాక

☐ బయటి అడ్రసుకు ఒక మెయిల్ పంపండి. లోపలి అడ్రసుకు పంపి సరిపోయిందనుకోకండి.

☐ ప్రతి పరికరానికి వేర్వేరు యాప్ పాస్‌వర్డ్ ఇవ్వండి. ఒకటే అందరికీ ఇస్తే ఒక్క ల్యాప్‌టాప్ పోయినా అన్నీ మార్చుకోవాలి.

☐ ప్రింటర్‌కు యజమాని సొంత మెయిల్ ఇవ్వకండి. దానికి విడిగా ఒక అకౌంటు తెరవండి. ప్రింటర్ సెట్టింగ్స్ పేజీకి అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా పెట్టండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో వదిలేయకండి.

☐ పరీక్ష కోసం తీసుకున్న యాప్ పాస్‌వర్డ్స్‌ను అకౌంటు పేజీకి వెళ్లి రద్దు చేయండి.

☐ పాత ప్రింటర్‌ను అమ్మేసేటప్పుడు, లీజు ముగిసి తిరిగి ఇచ్చేటప్పుడు సెట్టింగ్స్ మొత్తం చెరిపి, దాని యాప్ పాస్‌వర్డ్‌ను ఆ రోజే రద్దు చేయండి. అందులో మీ సర్వర్ పేరు, పాస్‌వర్డ్, క్లయింట్ల అడ్రసులతో నిండిన అడ్రస్‌బుక్ అలాగే ఉంటాయి.